ఇంటి దీపము, బండి దీపము

గడచిన మాసమున మేము ఊరగాయ జాడీలను ఎండలో పెట్టు విధమును గూర్చి వ్రాసియుంటిమి. ఈ మాసము వంటయిల్లు విడిచి వాకిటికి వచ్చితిమి. వాకిట నేమున్నదందురా? తులసికోటకు ప్రక్కగా, రేకుల పందిరి క్రింద, మా వారి పాత మోటారుబండి యున్నది. దాని ముందు దీపములను మార్చిన కథయే యీ మాసపు ప్రసంగము. ఇది మగవారి పని, మనకేల యని పుట త్రిప్పివేయకుడు. సంధ్యవేళ దీపము పెట్టుట యెవరి పని? వత్తి సవరించుట, చిమ్నీ తుడుచుట, చమురు చాలునో చాలదో చూచుట మన తల్లులును అవ్వలును చేసిన పనులే గదా! ఆ కాలమున దీపము గూటిలో నుండెను. ఇప్పుడు పిల్లలును, ముసలివారును, మనమును ఒక్క బండిలో కూర్చుండి రాత్రివేళ ఊరూరును తిరుగుచున్నాము. ఇల్లే చక్రములమీద సాగిపోవునప్పుడు దాని దీపమును గూర్చి తెలిసికొనుట గృహిణికి తగని పని కాదు.

మా వారు పొరుగూరి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మా యూరు కృష్ణా డెల్టాలో, తెనాలికి పోవు దారిలో, కాలువగట్టు ననుసరించి యున్నది. బండి పదునొకండేండ్ల నాటి చిన్న కారు. మరియొకరు కొంతకాలము వాడి విడిచినదానిని మేము కొంటిమి. గడచిన మార్గశిరమాసమున నొక సాయంకాలము మా వారు బడినుండి ఆలస్యముగా వచ్చి, కాళ్లయినను కడుగుకొనక అరుగుమీద కూర్చుండిరి. మంచినీళ్లిచ్చి యడుగగా చెప్పిరి. దారిలో ధాన్యపు బస్తాలతో నొక ట్రాక్టరు ఎదురువచ్చినదట. అది రోడ్డు నడుమకు వచ్చి యెంతకును తొలగలేదట. వీరు బండిని మట్టిలోనికి దింపి నిలుపగా, ట్రాక్టరు తొట్టి మా బండి ప్రక్క అద్దమును రాచుకొని పోయినదట. ఆ డ్రైవరు దిగివచ్చి, "కారనుకోలేదు మాస్టారూ! ఒక్క లైటే కనపడితే మోటారుసైకిలు అనుకున్నాను" అనెనట. దిగి చూచుకొనగా కుడివైపు దీపము వెలుగుట లేదు.

సోదరీమణులు ఇచ్చట నొక సంగతి గమనింపవలెను. మన దేశమున బండ్లు రోడ్డునకు ఎడమప్రక్కగా నడచును. కావున ఎదురువచ్చువానికి మన కుడిదీపమే దగ్గరగా నుండును. మన బండి యెంతవరకు ఆక్రమించినదో వానికి తెలుపునది అదియే. అది యారిపోయి యెడమదీపము మాత్రమే వెలుగుచున్నచో, రోడ్డు అంచున నొక మోటారుసైకిలు వచ్చుచున్నట్లు వానికి తోచును. ఆ దీపమునకు ఇవతలనున్న చీకటిలో సగము కారు దాగియున్నదని వానికెట్లు తెలియును? బండి దీపము మనము దారి చూచుటకే యని మేము అంతవరకు తలచియుంటిమి. పరులు మనలను చూచుటకు గూడ నని యా సాయంకాలము తెలిసినది. అయినను సగమే తెలిసినది. తక్కిన సగము తెలియుటకు ఇంకొక యాపద కావలసివచ్చెను.

ఆ యాదివారము మేమిద్దరమును పట్టణమునకు పోయి, కార్ల సామానులమ్ము నొక దుకాణమున బండి నిలిపితిమి. అచ్చటి కుర్రవాడు చురుకైనవాడు. పాత బల్బువంటి బల్బొకటి యిమ్మని యడుగగా వాడు నవ్వి, "ఈ పచ్చ బల్బులు ఇంకా ఎవరు వేస్తున్నారమ్మా? ఎల్‌ఈడీ వేస్తాను, పట్టపగల్లా ఉంటుంది" అనెను. వాటిని బల్లమీద వెలిగించి చూపగా మా కన్నులు చెదరినవి. కన్నులు చెదరుటయే మంచి దీపమునకు గుర్తని యప్పుడు భ్రమపడితిమి. బేరమాడి సొమ్మిచ్చితిమి. పావుగంటలో వాడు పని ముగించెను. దీపపు వెలుతురు ఎంత యెత్తున పడుచున్నదో వాడు చూడలేదు. చూడుమని మేమును అడుగలేదు.

వారము పది దినములు మా సంతోషమునకు మేర లేకుండెను. గట్టుమీది తూములు, చెట్ల మొదళ్ల సున్నపు పట్టెలు, దూరమున కుక్కల కన్నులు సహా స్పష్టముగా కనబడుచుండెను. ఇన్నాళ్లు ఆ గ్రుడ్డిదీపముతో నెట్లు తిరిగితిమా యని యాశ్చర్యపడితిమి. ఎదురువచ్చిన బండ్లవారు కొందరు తమ దీపములను ఆర్చి వెలిగించి సైగ చేయుచుండిరి. మా వారు దీపమును దించియే నడుపుచుండిరి గనుక, వారికేదో తొందర కాబోలునని యూరకొంటిమి.

మా మామగారికి డెబ్బది నాలుగేండ్లు. రెండు కన్నులలోను శుక్లములు ముదిరినవి. పుష్యమాసమున నొకనాడు వారిని తెనాలిలో కంటివైద్యునకు చూపించి తిరిగి బయలుదేరునప్పటికి చీకటి పడెను. వారు ముందు సీటులో కూర్చుండిరి; మేమును అమ్మాయియు వెనుక నుంటిమి. ఎదుటినుండి బండి వచ్చినప్పుడెల్ల వారు కండువా కన్నులకడ్డము పెట్టుకొని, "ఏం దీపాలురా ఇవి, కంట్లో కారం కొట్టినట్టుంది" అనుచుండిరి. శుక్లము గలవారి కంటిలో వెలుతురు చిమ్మినట్లు చెదరుననియు, వయసు మీరినకొలది కన్ను మిరుమిట్లనుండి తేరుకొనుటకు ఎక్కువసేపు పట్టుననియు వైద్యుడు ఆ మధ్యాహ్నమే చెప్పియుండెను. మేము ఆ వచ్చిపోవువారి యవివేకమును నిందించుచు వచ్చితిమి.

మా యూరు ఇంక కొంత దూరమున్నదనగా గట్టుమీద నొక సైకిలు ఎదురుగా వచ్చెను. దానికి రెండు ప్రక్కలను పాలక్యానులు వ్రేలాడుచుండెను. మా దీపము మీద పడగానే ఆయన యొక చేయి మొగమునకడ్డము పెట్టుకొనెను. సైకిలు తడబడెను. చూచుచుండగనే గట్టు అంచు దాటి కాలువవైపు జారిపోయెను.

మా వారు బండి నిలిపిరి. అందరమును పరుగెత్తితిమి. నీటి యంచున తుంగ దట్టముగా నుండుటచే ఆయన అందులో చిక్కుకొని యాగెను. మోకాలు చెక్కుకొనిపోయినది, మోచేయి వాచినది. పాలన్నియు గట్టుమీదినుండి కాలువలోనికి కారుచున్నవి. మా బండి వెలుతురులో ఆ పాలు మరింత తెల్లగా కనబడుచుండెను. ఆయన మా మామగారికంటె అయిదారేండ్లు చిన్న యైయుండును. లేవనెత్తగా మమ్ము తిట్టలేదు. తుంగలో చెప్పు వెదకికొనుచు, "తల్లీ! మీ లైటుతో మీకు దోవ కనపడింది. నాకు ఉన్న దోవ పోయింది" అనెను.

ఆయనను మా బండిలోనే యూరికి తీసికొనిపోయి గాయమునకు కట్టు కట్టించితిమి. పాల ఖరీదు మాత్రము పుచ్చుకొనెను. అంతకుమించి యెంత బలవంతపెట్టినను పుచ్చుకొనలేదు. ఆ రాత్రి మా మామగారు విస్తరి ముందు కూర్చుండి, అన్నము కలుపుకొనక చాలసేపు ఊరకుండిరి. "దారి పొడుగునా నేను ఎవళ్లని తిట్టానో ఆ జాబితాలో మనమూ ఉన్నామమ్మా" అనిరి. మేమేమియు బదులు చెప్పలేకపోతిమి.

మేము చిన్ననాట మా తండ్రిగారియొద్ద రఘువంశము చదువుకొంటిమి. అందు ఆరవ సర్గలో ఇందుమతీ స్వయంవర మున్నది. ఆమె యొక్కొక్క రాజును దాటిపోవుచుండగా, వెనుకబడిన రాజు మొగము, రాత్రివేళ రాచబాటపై సాగిపోవు దీపశిఖ దాటిన మేడవలె వెలవెలబోయినదని కవి వర్ణించినాడు. ఆ యుపమచేతనే ఆయనకు దీపశిఖా కాళిదాసను పేరు వచ్చినది. మేము ఇన్నేండ్లును ఆ శ్లోకమును దీపముతో కూడ నడచుచు చదివితిమి. ఆ రాత్రి నిదురపట్టక, దీపము దాటిపోయిన మేడవైపు నిలిచి తలచుకొంటిమి. వెలుతురు మీదపడి పోయిన వెనుక మిగులు చీకటి అంతకుముందున్న చీకటికంటె చిక్కన. ముడుచుకొన్న కంటిపాప మరల విప్పారి, కన్ను చీకటికి అలవాటు పడులోపల సైకిలు కొన్ని గజములు సాగిపోవును. కాలువగట్టుమీద కొన్ని గజములు చాలును.

మరునాడు మా యూరి సెంటరులో చిరకాలముగా బండ్లు బాగుచేయుచున్న మేస్త్రి యొద్దకు పోయితిమి. ఆయన పాత బల్బును అరచేతిలో పెట్టుకొని మాకు పాఠము చెప్పెను. ఆ చిన్న గాజుబుడ్డిలో రెండు సన్నని టంగ్‌స్టన్ తీగచుట్టలున్నవి. దూరము చూపుదానిని డ్రైవర్లు బ్రైటనియు, దగ్గర చూపుదానిని డిమ్మనియు అందురు. డిమ్ము తీగకు క్రిందుగా గోరంత లోహపు దొప్ప యొకటి యున్నది. తీగ వెలుతురు వెనుకనున్న గిన్నెవంటి అద్దముమీద పడి ముందునకు మరలును. అద్దపు క్రిందిభాగమున పడిన వెలుతురు పైకెగసి యెదుటివాని కంటబడును. దానిని ఈ దొప్ప యడ్డుకొనును. తీగ యెచ్చట నుండునో, ఎంత పొడవుండునో లెక్కించి దానికి తగినట్లు ఆ అద్దమును తీర్చియుందురు. మేము పెట్టించిన దానిలో తీగ లేదు; ఒక బద్దకు రెండు ప్రక్కలను వెలుగుబిళ్లలున్నవి. ఆ బిళ్ల తీగకంటె కొంచెము వెడల్పైనను, వెండ్రుకవాసి ముందువెనుకలైనను వెలుతురు అద్దముమీద తప్పుచోట పడి పైకి చెదరును. డిమ్ములోనున్నను మా దీపము పరుల కన్నులలో కొట్టుటకు ఇదియే కారణము. "మొదటినుంచీ ఎల్‌ఈడీకని కట్టిన దీపమైతే బాగానే ఉంటుందమ్మా. పాత బల్బుకు కట్టిన ఇంట్లో దీన్ని కాపురం పెడితేనే చిక్కు" అని మేస్త్రి చెప్పెను.

చట్టము గూడ ఈ మాటయే చెప్పుచున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 106వది ఈ దీపపు మర్యాదను గూర్చినది. బండికి 8 మీటర్ల యెదుట, నేలనుండి మీటరున్నర యెత్తున కన్నులుగల మనుష్యునకు మిరుమిట్లు గొలుపకుండ దీపము క్రిందికి వంగియుండవలెనని దాని సారము. మీటరున్నర యనగా సైకిలెక్కినవాని కన్నుల యెత్తునకు ఇంచుమించు సరిపోవును. ఆ నియమము వ్రాసినవారి మనస్సున మా పాలాయనవంటి వాడొకడు నిలిచియుండవచ్చును.

ఇక పనిలోనికి వత్తము. మేము మరల పాత రకపు బల్బులే కొని, ఈసారి మా యింటనే మార్చుకొంటిమి. మీకును ఉపయోగపడునని ఆ క్రమమును వ్రాయుచున్నాము.

మొదట తెలిసికొనవలసినది, నిజముగా బల్బే పోయినదా యని. రెండు దీపములును ఒక్కసారి ఆరిపోయినచో తప్పు బల్బులలో నుండుట యరుదు. ఫ్యూజో, స్విచ్చో, రిలేయో అయియుండును. ఒక దీపమున బ్రైటు వెలుగుచు డిమ్ము వెలుగకున్నచో, చాలవరకు ఆ యొక్క తీగయే తెగినదనుకొనవచ్చును. సందేహమున్నచో కుడిబల్బును ఎడమకును, ఎడమబల్బును కుడికిని మార్చి చూడుడు. చీకటి బల్బుతో కూడ ప్రక్క మారినచో తప్పు బల్బుది. మారక యున్నచోటనే యుండినచో తప్పు ఫ్యూజుదో తీగలదో యని గ్రహింపవలెను. బల్బును తీసి చూచినను, తెగిన తీగయో, నల్లబారిన గాజో కంటికి కనబడును.

రెండవది కొనుట. మా బండికి కావలసిన బల్బు పేరు హెచ్4. పెట్టెమీద 12 వోల్టులు, 60/55 వాట్లు అని యుండును. 60 బ్రైటునకు, 55 డిమ్మునకు. అన్ని బండ్లకును ఇదే యుండదు. బండితో వచ్చిన పుస్తకమున గాని, పాత బల్బు మొదటనున్న లోహపు పట్టీమీద గాని చూచి, ఆ పేరుగలదానినే అడుగవలెను. 100/90 వాట్ల బల్బులు గూడ దుకాణములలో చూపుదురు. వాటికి ఆశపడకుడు. మా వారు లెక్కలు చెప్పు పంతులుగారు గనుక అప్పటికప్పుడే చీటీమీద లెక్క కట్టిరి. 60 వాట్ల బల్బు 12 వోల్టులకు 5 ఆంపియర్ల విద్యుత్తును లాగును. 100 వాట్లది ఎనిమిదికి మించి లాగును. తీగలలో పుట్టు వేడి ఆంపియర్ల వర్గమును బట్టి పెరుగును గనుక, రెండున్నర రెట్లకు పైగా నగును. అంత వేడికి కట్టని తీగలు మెత్తబడును, ప్లగ్గు కరగును, అద్దపు పూత చెడును. బల్బులను జతగా మార్చుట మంచిది. రెండును ఒక్కనాడు పెట్టినవే గనుక, ఒకటి పోయినచో రెండవది త్రోవలో నున్నదని తలపవలెను. మాకు రెండు బల్బులకును కలిపి అయిదువందల రూపాయలలోపే అయినది; ఎల్‌ఈడీలకు పెట్టిన దానిలో నాలుగవ వంతు లేదు.

మూడవది మార్చుట. పగటివేళ, ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, దీపములు చల్లారిన పిమ్మట మొదలుపెట్టుడు. హాలోజన్ బల్బు గాజు వెలుగునప్పుడు 250 డిగ్రీలకు మించి కాగును. ఆరిన వెంటనే ముట్టినచో వ్రేలు పొక్కును. మేము చేతి గాజులను పైకి త్రోసికొని, ఉంగరములు తీసి, బానెట్టు ఎత్తితిమి. మా వారు పుస్తకము పట్టుకొని చదువుచుండిరి. అమ్మాయి సెల్‌ఫోను వెలుతురు చూపుచుండెను. దీపపు వెనుక మూడు తీగలు గల ప్లగ్గున్నది. తీగలను పట్టి లాగక, ప్లగ్గునే పట్టుకొని తిన్నగా వెనుకకు లాగవలెను. దాని వెనుక రబ్బరు మూత. దాని చెవి పట్టుకొని యొలిచినచో వచ్చును. లోపల బల్బును నొక్కిపట్టిన తీగ కొక్కెమున్నది. దానిని కొంచెము లోనికి నొక్కి ప్రక్కకు త్రోయగా విడుచును. అంతట బల్బును తిన్నగా బయటికి తీయవచ్చును. ఈ సందులలో మగవారి మోటు వ్రేళ్లకంటె మన వ్రేళ్లే బాగుగ దూరును. మా వారు పుస్తకమునుండి తల యెత్తునప్పటికి కుడిబల్బు మా చేతిలో నున్నది.

క్రొత్త బల్బును లోహపు మొదలు పట్టుకొని యెత్తవలెను. గాజును వ్రేలితో ముట్టరాదు. ఎందుచేతనందురా? అది మామూలు గాజు కాదు, స్ఫటికశిలను కరగించి చేసిన క్వార్ట్జు. లోపల అయోడినుగాని బ్రోమినుగాని కలిసిన వాయువుండును. తీగనుండి ఆవిరియైపోయిన టంగ్‌స్టన్‌ను ఆ వాయువు పట్టుకొని మరల తీగ దగ్గరకే చేర్చును. ఇది జరుగుటకు గాజు అంత వేడిగా నుండవలెను. 1962లో ఐరోపా ఖండమున కార్లకు వచ్చిన ఈ యుపాయముచేతనే చిన్నబుడ్డిలో అంత వెలుగు నిలిచినది. మన వ్రేలి జిడ్డు ఆ గాజుమీద పడినచో, ఆ వేడికి మాడి, అచ్చటనే మచ్చగట్టి, గాజు బలహీనమై త్వరలో చెడును. తలనూనె చేతులు, పిండి చేతులు గల మనము దీనిని మరింత జ్ఞాపకముంచుకొనవలెను. తెలియక తాకినచో, మందుల దుకాణమున దొరకు స్పిరిటుతో శుభ్రమైన గుడ్డను తడిపి తుడిచి, ఆరిన పిమ్మట బిగింపుడు.

బల్బు పట్టీకి మూడు చెవులుండును; అవి యొక్క విధముగనే గాడిలో కూర్చుండును. కూర్చుండకున్నచో బలాత్కరింపక, తీసి మరల పెట్టవలెను. వంకరగా కూర్చుండిన బల్బు మంచిదైనను ఎదుటివాని కన్ను పొడుచును. కొక్కెము వేసి, రబ్బరు మూతను అంచులన్నియు చుట్టును అదుముకొనునట్లు తొడిగి, ప్లగ్గు పెట్టుడు. మూత వదులైనచో దుమ్మును చెమ్మయు లోపలికి పోయి అద్దము మసకబారును. కొన్ని కార్లలో బ్యాటరీయో, నీళ్లడబ్బాయో అడ్డమై చేయి పోనేపోదు; మరికొన్నింట ముందు బంపరు విప్పినగాని దీపము రాదు. అట్టి బండి గలవారు దుకాణమునకే పోవలెను. మొదటినుండియు ఎల్‌ఈడీ దీపములతో వచ్చిన క్రొత్త కార్లలో చాలవాటికి విడి బల్బే యుండదు; చెడినచో మొత్తము దీపమునే మార్తురు. అదియు ఇంటిపని కాదు.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యము, మేము మొదట మరచినది. వెలుతురు ఎచ్చట పడుచున్నదో చూడవలెను. చక్రములలో గాలి సరిగా నుంచి, డ్రైవరు సీటున నొకరిని కూర్చుండబెట్టి, చదునైన నేలమీద గోడకు 25 అడుగుల దూరమున బండిని తిన్నగా నిలుపుడు. దీపపు నడిబొడ్డు నేలనుండి యెంత యెత్తున్నదో టేపుతో కొలిచి, గోడమీద అంతే యెత్తున సుద్దతో గీత గీయుడు. చీకటి పడిన పిమ్మట డిమ్ము వెలిగించినచో, వెలుతురు పై అంచు ఆ గీతకు రెండు మూడంగుళములు క్రిందుగా నుండవలెను. ఎడమకొసన మాత్రము అంచు కొంచెము పైకి లేచియుండును. అది తప్పు కాదు, రోడ్డు అంచున నడచువారిని చూపుటకు అట్లు చేసినది. కుడిప్రక్క పైకి లేచుచున్నచో ఆ దీపము బండ్లు కుడిప్రక్క నడచు దేశములకు చేసినదని యెరిగి వెంటనే మార్పింపుడు. ఎత్తు సరిచేయు మరలు దీపపు వెనుక నుండును. మేము వాటిని ముట్టక మేస్త్రిచేతనే త్రిప్పించితిమి. పెద్ద షెడ్డులలో దీని కొరకు ప్రత్యేకమైన పరీక్షాయంత్ర ముండును. చాల కార్లలో స్టీరింగు దగ్గర ఒక చిన్న చక్రము గూడ నుండును. పెండ్లికి పోవునప్పుడు వెనుక సామాను నింపినచో బండి ముందుభాగము పైకి లేచి, దీపము ఆకాశము చూచును; అప్పుడు ఆ చక్రమును త్రిప్పి దీపమును దింపుకొనవలెను.

మేము గోడదగ్గర పరీక్షింపక ముందే యొక చమత్కారము జరిగినది. మామగారి కోరికమీద ఆ ఎల్‌ఈడీలను తీయకముందొకసారి గోడమీద వేసి చూచితిమి. గీతకు పైన మోచెయ్యెత్తు వరకు తెల్లని వెలుతురు చెదరియుండెను. పాత రకపు బల్బులు పెట్టిన పిమ్మట గీతకు పైన చీకటి, క్రింద వెలుగు, నడుమ చాకుతో కోసినట్లు అంచు. మామగారు ఆ చీకటినే చూపించి, "ఈ చీకటి ఎదటివాడిదమ్మా, దాన్ని మనం ముట్టుకోకూడదు" అనిరి.

వెలుతురు తగ్గినదని కొందరు బల్బును నిందింతురు గాని, దోషము పై కప్పుది గూడ కావచ్చును. ఈ కాలపు దీపముల కప్పు గాజు కాదు, పాలికార్బొనేటను ప్లాస్టిక్కు. ఎండకు పసుపుబారి పొర గట్టును. మాదియు అట్లే యుండెను. షెడ్డులో నీటికాగితముతో మెల్లగా రుద్ది, మెరుగుపెట్టి, ఎండ తగులకుండ పూత వేయించితిమి. పండ్లపొడి, పేస్టు పెట్టి రుద్దిన మెరుపు కొద్దినాళ్లే. పూత లేనిచో మరల పసుపుబారును. కప్పు తేటపడిన పిమ్మట ఆ పాత రకపు బల్బే మాకు చాలినంత వెలుగిచ్చుచున్నది. మేము కొనవలసినది క్రొత్త దీపము కాదు, తుడుపుగుడ్డ యని తెలిసి నవ్వుకొంటిమి.

నడుపునప్పుడు గూడ కొన్ని మర్యాదలున్నవి. ఎదుట బండి గాని, సైకిలు గాని, కాలినడకను వచ్చువాడు గాని కనబడగానే బ్రైటును దించవలెను. ముందు పోవు బండి వెనుకను గూడ డిమ్మే తగును. లేనిచో వాని యద్దములో మన దీపము మండును. పుష్య మాఘములలో తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు బ్రైటు వేసినచో మన వెలుతురే మంచునుండి మరలి మనకే తెర కట్టును. ఎదుటివాడు దీపము దించనప్పుడు కోపముతో మనమును ఎత్తరాదు. ఇద్దరు గ్రుడ్డివారు ఎదురెదురుగా పరుగెత్తుటకంటె ఒక్కడు చూచుచుండుట మేలు. అట్టివేళ చూపును రోడ్డు ఎడమ అంచుపై నిలిపి, వేగము తగ్గింపవలెను. మీరు నడుపకున్నను, ప్రక్కన కూర్చుండి మెల్లగా జ్ఞాపకము చేయవచ్చును. మా యింట ఆ యధికారము మామగారిది.

ఇకమీదట ప్రతి అమావాస్య సాయంకాలము, ఇంట దీపము పెట్టిన పిమ్మట, బండి దీపములను గూడ చూచుట మా యింట నియమమైనది. ఒకరు లోపల కూర్చుండి స్విచ్చు వేయుదురు, ఒకరు బయట నిలిచి చెప్పుదురు. ముందు దీపములు, వెనుక ఎర్రదీపములు, బ్రేకు దీపములు, మలుపు దీపములు అన్నియు చూచుటకు అయిదు నిమిషములు పట్టదు. కప్పులను తడిగుడ్డతో తుడుచుట అమ్మాయి పని.

మాఘమాసమున మామగారికి ఒక కంటికి శస్త్రచికిత్స జరిగినది. కట్టు విప్పి, నల్లకండ్లద్దములు మాని, ఫాల్గుణమున నొక రాత్రి మరల తెనాలినుండి వచ్చుచుంటిమి. అదే గట్టుమీద పాలాయన ఎదురువచ్చెను. ఆయన సైకిలు వెనుక మడ్గార్డుకు మేము అతికించిన ఎర్రని మెరుపుకాగితమున్నది గాని, ఎదురుగా వచ్చునప్పుడు అది కనబడదు. మా వారు దూరమునుండియే దీపము దించి, వేగము తగ్గించిరి. మేము ఊపిరి బిగబట్టి ఆయన చేతులవైపే చూచుచుంటిమి. రెండు చేతులును హేండిలుమీదనే యుండెను. ఒకసారి గంట మ్రోగించి, మమ్ము దాటి, ఆయన తన చీకటిలో తాను నిమ్మళముగా పోయెను.

సోదరీమణులు తమ యిండ్ల బండిదీపములను ఈ మాసమే గోడమీద వేసి చూచుకొందురని యాశించుచున్నాము. చూచినవారు తమ యనుభవములను వ్రాసి పంపినచో సంతోషింతుము. వచ్చు మాసమున మామిడి ఒరుగుల కాలము గనుక మరల వంటయింటికే పోవుదము.